మిషిన్ కింద మనిషి పోతే, మిషిన్ చేసినోన్ని ఎందుకు అడుగుతలేం?

కంకర మిషిన్ బెల్టుల పడి ఒకడు, ట్రాక్టర్ తిరగబడి ఇంకొకడు, జేసీబీ ఎన్కకు వస్తుంటే దాని కింద పడి మరొకడు. మనిషి సచ్చిపోయిన కాడ మూడే మాటలు ఇనబడ్తయి. ఒకటి, "ఆని రాత గట్లున్నది." రెండు, "ఆడే జర చూస్కోవాల్సింది." మూడు, "సేటు ఇంత ఇస్తనంటున్నడు, తీస్కొని ఊకోండ్రి." నాలుగో మాట ఒకటున్నది, అది ఎవ్వరి నోట్ల నుంచి రాదు. "ఈ మిషిన్ చేసింది ఎవలు? తిరిగే బెల్టు మీద కప్పు లేకుంట ఎట్ల అమ్మిండు?"

ఈ వ్యాసం ఆ నాలుగో మాట గురించే. దాన్ని కోర్టు భాషల ప్రొడక్ట్ లయబిలిటీ అంటరు. అంటే, ఒక వస్తువుల లోపం ఉండి మనిషికి హాని అయితే, ఆ వస్తువు చేసినోడు, అమ్మినోడు జవాబు చెప్పుకోవాలె. నేను వకీలును గాను. కూలోళ్ల కుటుంబాలతోటి లేబర్ ఆఫీసుల చుట్టు తిరిగి తిరిగి, చట్టం పుస్తకాలు కొనుక్కొని చదివి నేర్చుకున్నదే నాకు తెలిసింది. మన ఊర్లల్ల పోరగాళ్లే ఈ మిషిన్ల మీద ఎక్కువ పనిచేస్తున్నరు. డ్రైవరు మీరే, హెల్పరు మీరే. గందుకే ఇది మీకు ఎరుక ఉండాలె.

ముందుగాల ఓనరు తలుపు

మనిషి పనిల సచ్చిపోతే మొట్టమొదటి హక్కు పనిల పెట్టుకున్నోని మీద ఉంటది. 1923ల వచ్చిన ఉద్యోగుల పరిహార చట్టం దీని కోసమే. ఇప్పుడు దాని జాగల సోషల్ సెక్యూరిటీ కోడ్ 2020 వచ్చింది. అది 2025 నవంబర్ 21 నుంచి అమలుల ఉన్నది. ప్రమాదం ఏ తారీఖున జరిగింది అన్న దాన్ని బట్టి ఏ చట్టం వర్తిస్తదో చూడాలె. లెక్క కట్టే పద్ధతి మాత్రం పాతదాని లెక్కనే ఉన్నది.

ఆ లెక్క గిట్ల ఉంటది. సచ్చిపోయినోని నెల జీతంల సగం తీస్కొని, ఆయన వయసుకు చట్టం పెట్టిన అంకెతోటి గుణిస్తరు. 30 ఏండ్లకు ఆ అంకె 207.98. 40 ఏండ్లకు 184.17. జీతం ఎంతున్నా 2020 జనవరి నుంచి 15,000 రూపాయల కాడ్నే ఆపి లెక్కగడ్తున్నరు. అంటే 30 ఏండ్ల డ్రైవరుకు నెలకు 15,000 ఉన్నా, 20,000 ఉన్నా, 7,500ను 207.98తోటి గుణిస్తే 15,59,850 రూపాయలు వస్తది. ఊర్ల పెద్దమనుషులు కూసొని రెండు లక్షలకో మూడు లక్షలకో తెంపేటప్పుడు, ఈ అంకె చేతుల పెట్టుకొని కూసోండ్రి.

ఈ తలుపు కాడ నాలుగు ముచ్చట్లు గుర్తు పెట్టుకోవాలె. పాత చట్టం సెక్షన్ల ప్రకారం చెప్తున్న.

మనిషి సచ్చిపోయిన కేసుల "ఆడు తాగి ఉన్నడు, చెప్పింది ఇనలేదు" అని ఓనరు తప్పించుకోలేడు. ఆ సాకులు చావు కాని, పూర్తిగ అవిటితనం కాని లేని దెబ్బల కేసులకే పనికొస్తయి. ఇది 3వ సెక్షన్.

చావు కేసుల పైసలు కమిషనర్ కాడ డిపాజిట్ చేయాలె. ఓనరు ఇంటికొచ్చి చేతుల పెట్టింది పరిహారం కింద లెక్కకు రాదు. మూడు నెలల జీతం దాకా అడ్వాన్సు ఇయ్యొచ్చు, గంతే. ఇది 8వ సెక్షన్.

"మాకు ఇంకేం హక్కు లేదు, కేసు వేయం" అని స్టాంపు కాగితం మీద రాయించుకుంటే, పరిహారం హక్కు వదులుకున్న ఆ రాత చెల్లదు. ఇది 17వ సెక్షన్. కుటుంబపోళ్లు దుఃఖంల ఉన్నప్పుడు సంతకం చేసిండ్రని భయపడి కూసోవద్దు.

కాంట్రాక్టరు కింద పనిచేసినా, ఎవలి పని నడుస్తున్నదో ఆ అసలు యజమాని మీద సుత కేసు నడుస్తది. ఆయన కట్టి, కాంట్రాక్టరు కాడ వసూలు చేసుకోవచ్చు. ఇది 12వ సెక్షన్.

రోడ్డు మీద తిరిగేటందుకు రిజిస్ట్రేషన్ అయిన బండితోటి ప్రమాదం అయితే ఇంకో తలుపున్నది. అది మోటారు వాహనాల ట్రిబ్యునల్. ట్రాక్టర్, టిప్పర్, టైర్ల జేసీబీ ఈ కోవలకు రావొచ్చు. ఆడ 15,000 జీతం అన్న హద్దు లేదు గాబట్టి కొన్ని కేసులల్ల ఎక్కువ వస్తది. గని ట్రిబ్యునల్ అయినా, కమిషనర్ అయినా, రెండిట్ల ఒకటే ఎంచుకోవాలె. ఆడ దరఖాస్తుకు చట్టం పెట్టిన గడువు ఆరు నెలలే. గందుకే ఆలస్యం చేయొద్దు.

ఇంత దాకా అడిగింది పనిల పెట్టుకున్నోన్ని, బండి ఓనరును, ఇన్సూరెన్సోళ్లను. మిషిన్ చేసినోడు ఇంకా లైన్లకే రాలేదు.

చేసినోని తప్పు ఎట్ల అయితది?

మిషిన్ల లోపం మూడు తీర్లు ఉంటది. ఈ మూడు తేడాలు తెలిస్తే సగం పని అయినట్టే.

మొదటిది తయారీ లోపం. డిజైన్ మంచిగనే ఉన్నది, గని ఆ ఒక్క మిషిన్ చేసేటప్పుడు వెల్డింగు సరిగ పడలేదు, బోల్టు నాసిరకంది పెట్టిండ్రు, హైడ్రాలిక్ పైపు పల్చగున్నది. పక్కనున్న పది మిషిన్లు బాగనే నడుస్తయి, ఇదొక్కటే విరుగుతది.

రెండోది డిజైన్ లోపం. అన్ని మిషిన్లు ఒక్కతీరుగనే ఉంటయి, అన్ని ఒక్కతీరుగనే ప్రమాదం. ట్రాక్టర్ ఎనుక తిరిగే పీటీఓ షాఫ్టు మీద కప్పు లేకుంట అమ్ముడు, ట్రాక్టర్ తిరగబడితే డ్రైవరును కాపాడే ఇనుప చట్రం లేకపోవుడు, ఎన్కకు వచ్చేటప్పుడు డ్రైవరుకు ఎనుకున్న మనిషి కనబడకుండుడు, ఇసొంటివి. 

మూడోది హెచ్చరిక లోపం. ప్రమాదం ఉన్నదని చెప్పకపోవుడు, లేకుంటే నడిపేటోనికి అర్థం కాని తీరుగ చెప్పుడు. మన దిక్కు హార్వెస్టర్ల మీద, క్రషర్ల మీద స్టిక్కర్లు చూడుండ్రి. ఇంగ్లీషు, హిందీ, ఒక్కోసారి చైనా అక్షరాలు సుత ఉంటయి. తెలుగుల ఉన్నయెన్ని?

ఈ ఆలోచన ముందుగాల అమెరికాల బలపడ్డది. 1916ల న్యూయార్క్ పెద్ద కోర్టు మాక్‌ఫర్సన్ వర్సెస్ బ్యూయిక్ కేసుల ఒక తీర్పిచ్చింది. కారు చక్రం కట్టెపుల్లలు విరిగి ఓనరుకు దెబ్బలు తాకినయి. "నీకు అమ్మింది డీలరు, నాకూ నీకూ ఒప్పందమే లేదు" అన్నది కంపెనీ. వస్తువు లోపంతోటి ఉంటే మనిషి పానానికి ముప్పని తెలిసినప్పుడు, ఒప్పందం లేకున్నా చేసినోనికి బాధ్యత ఉంటదన్నది కోర్టు. కంపెనీకి, వాడేటోనికి నడుమ ఉన్న గోడ ఆ రోజు కూలింది.

పని కాడి మిషిన్లకు వచ్చేసరికి కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1978ల ఇచ్చిన బార్కర్ వర్సెస్ లల్ ఇంజినీరింగ్ తీర్పు చదవాల్సింది. ఒక యూనివర్సిటీ కట్టడం కాడ, సామాను ఎత్తు మీదికి లేపే లోడరు అది. రోజూ నడిపే డ్రైవరు ఆ రోజు పనికి రాలేదు. నేల ఎగుడుదిగుడు ఉన్నది, ఆ లిఫ్టు ప్రమాదమని ఆయనకు ఎరుకే. ఆయన బదులు అంత అనుభవం లేనోన్ని ఎక్కిచ్చిండ్రు. మిషిన్ ఒరుగుడు షురువైంది, ఆయన దునికి ఉరికిండు, పైనుంచి కట్టెలు మీద పడ్డయి. బతికిండు గని దెబ్బలు గట్టియి. మిషిన్‌కు పక్కల ఆనించే కాళ్లు లేవు, సీటు బెల్టు లేదు, తిరగబడితే కాపాడే చట్రం లేదు అన్నది ఆయన వాదన. కింది కోర్టు జ్యూరీ కంపెనీ దిక్కు చెప్పింది. సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి, డిజైన్ లోపాన్ని రెండు తొవ్వల్ల చూడాలె అన్నది. మామూలుగ వాడేటోడు అనుకున్నంత భద్రంగ ఆ వస్తువు ఉన్నదా లేదా అనేది ఒక తొవ్వ. ఆ డిజైన్‌తోటి వచ్చే లాభం కన్నా ముప్పు ఎక్కువనా అనేది రెండో తొవ్వ. ఆ డిజైన్ వల్లనే దెబ్బ తాకిందని బాధితుడు చూపిస్తే, లాభమే ఎక్కువని రుజువు చేసే భారం కంపెనీ మీద పడ్తది అన్నది. ఆయన అనుభవం లేనోడని కేసు అక్కడ్నే ఆగిపోలేదు.

"గార్డు పీకేసింది ఓనరే గదా, కంపెనీకి ఏం సంబంధం?" అని మీరు అడుగుతరు. ఇది మన ఊర్లల్ల రోజూ వచ్చే సవాలు. న్యూయార్క్‌ల లిరియానో వర్సెస్ హోబార్ట్ అని ఒక కేసు నడిచింది. 1998, 1999 సంవత్సరాల్ల పై కోర్టులు తీర్పులు చెప్పినయి. ఒక సూపర్‌మార్కెట్‌ల మాంసం కొట్టే మిషిన్ గార్డును ఎవలో తీసేసిండ్రు. పనికి కొత్తగ చేరిన 17 ఏండ్ల పిలగాని చెయ్యి పోయింది. డిజైన్ తప్పు అననీకి రాకున్నా, "జనం గార్డులు తీసేస్తున్నరని ఎరుకున్న కంపెనీ, గార్డు లేకుంట నడపొద్దని మిషిన్ మీద హెచ్చరిక పెట్టాల్సి ఉండొచ్చు" అని కోర్టులు ఒప్పుకున్నయి. ఇండ్ల ఓనరుకు సుత వాటా పడ్డది, కంపెనీకి సుత పడ్డది. తప్పు ఒక్కని నెత్తి మీదనే పెట్టాలని లేదు, పంచొచ్చు.

అమెరికాల కూలోళ్ల కుటుంబాలు కంపెనీల మీదికి ఎందుకు పోతరంటే, ఆడ పని కాడి పరిహార చట్టం ఓనరు మీద డ్యామేజీ దావా వేయకుంట అడ్డం పెట్టింది. ఓనరు కాడ పరిహారం తీస్కున్నంక సుత, మిషిన్ చేసినోని మీద అలగ్ దావా వేసుకోవచ్చు. గెలిస్తే ముందు కట్టిన ఇన్సూరెన్సోడు తన పైసలు అండ్లకెళ్లి తీస్కుంటడు. కంపెనీలకు ఈ భయం ఉన్నది గాబట్టే గార్డులు, సెన్సర్లు, హారన్లు మిషిన్‌తోటి కలిసే వస్తున్నయి.

ఒక మిషిన్ ఎనుక ఎన్ని చేతులుంటయి?

2020 ఆగస్టు 1న విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డుల ఒక పెద్ద క్రేన్ కూలింది. 70 టన్నులు లేపే క్రేన్ అది. పనికి పెట్టే ముందు లోడు పెట్టి పరీక్ష చేస్తుండంగ కూలింది. 11 మంది సచ్చిపోయిండ్రు. అండ్ల షిప్‌యార్డు ఉద్యోగులున్నరు, కాంట్రాక్టు మనుషులు సుత ఉన్నరు. కుటుంబానికి 50 లక్షల చొప్పున ప్రకటించిండ్రు. సరిగ మూడేండ్లకు, 2023 ఆగస్టు 1న మహారాష్ట్ర థానే జిల్లా షాపూర్ దిక్కు సమృద్ధి ఎక్స్‌ప్రెస్‌వే పని కాడ గిర్డర్లు ఎత్తిపెట్టే మిషిన్ కూలింది. 20 మంది పోయిండ్రు. సచ్చినోళ్లల్ల చానమంది వేరే రాష్ట్రాలకెళ్లి పనికొచ్చిన కూలోళ్లు.

ఇసొంటి క్రేన్‌ను ఒకలు డిజైన్ చేస్తరు, ఒకలు ఇనుము కోసి వెల్డింగు చేస్తరు, ఇంకొకలు మోటార్లు, గేర్లు పంపుతరు, మరొకలు సైటు మీద నిలబెడ్తరు, ఇంకొకలు పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇస్తరు. చివరికి తాడు పట్టుకొని కింద నిలబడేటోడు కూలోడు. మిషిన్ కూలినప్పుడు ఈ గొలుసుల ఏ కొండి తెగిందో చెప్పేది ఇంజినీరు రిపోర్టే, పంచాయతీల తెంపేది కాదు. పరిహారం ప్రకటించుడు వేరు, తప్పు ఎవలదని తేల్చుడు వేరు. మొదటిది అయిపోంగనే రెండోది మర్చిపోతే, అదే డిజైన్ ఇంకో సైటు మీద ఇంకో కూలోని నెత్తి మీద నిలబడి ఉంటది.

మన చట్టంల ఏమున్నది?

చానమందికి ఎరుక లేదు గని, మన దేశంల సుత ఈ తలుపున్నది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 వచ్చినప్పుడు, దాంట్ల ప్రొడక్ట్ లయబిలిటీ మీద ఒక అధ్యాయమే పెట్టిండ్రు. 2020 జూలై నుంచి అమలుల ఉన్నది. 82 నుంచి 87 దాకా సెక్షన్లు చూడుండ్రి.

84వ సెక్షన్ ప్రకారం తయారీ లోపం, డిజైన్ లోపం, చెప్పిన కొలతలకు తేడా, ఇచ్చిన గ్యారంటీకి తేడా, చాలినన్ని సూచనలు, హెచ్చరికలు లేకపోవుడు – వీటిల ఏది రుజువైనా చేసినోడు బాధ్యుడు. హాని అంటే అండ్ల చావు సుత ఉన్నది. మనిషి పోతే వారసులు కేసేయొచ్చు. "చేసినోడు" అంటే పెద్ద కంపెనీ ఒక్కటే గాదు. భాగాలు బిగించినోడు, వేరేటోళ్లు చేసిన దాని మీద తన పేరు వేసుకొని అమ్మినోడు సుత అండ్లకే వస్తరు. మన మండలంల షెడ్డు పెట్టి నూర్పిడి మిషిన్లు, ట్రాలీలు వెల్డింగు చేసి అమ్మేటోడు సుత తయారీదారే. ఎవలు చేసిండ్రో ఆనవాలు లేని మిషిన్ అయితే 86వ సెక్షన్ కింద అమ్మినోన్ని పట్టుకోవచ్చు.

కేసు మీరున్న జిల్లాలనే వేయొచ్చు, కంపెనీ ఉన్న పట్నం దాకా పోవాల్సిన పని లేదు. మిషిన్‌కు కట్టిన ధర 50 లక్షల లోపలుంటే జిల్లా కమిషన్ చాలు. గడువు రెండేండ్లు.

ఇగ అసలు చిక్కు ఈడున్నది. ఈ చట్టం కింద కేసు వేయాలంటే "వినియోగదారు" అయి ఉండాలె. వ్యాపారం కోసం కొన్నోడు వినియోగదారు కాదు. తన బతుకుదెరువు కోసం కొనుక్కొని తానే నడుపుకునేటోడు మాత్రం వినియోగదారే. 1995ల లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసుల సుప్రీంకోర్టు దీన్ని ఇడమరిచి చెప్పింది. లేత్ మిషినో, ఆటోనో కొని తానే నడుపుకుంటే, ఒకరిద్దరి సాయం తీస్కున్నా ఫరక్ పడదు. మిషిన్ కొని దాన్ని పూర్తిగ జీతగాళ్ల చేతుల పెట్టి వ్యాపారం నడిపితే మాత్రం తలుపు మూసుకుంటది. కొన్నోని ఒప్పుదలతోటి వాడేటోడు సుత వినియోగదారే అని చట్టం అంటది గని, కొన్నోడే వ్యాపారి అయితే ఆని కింద పనిచేసేటోనికి ఆ మాట అక్కరకు రావుడు కష్టం.

దీన్ని మన ఊరి లెక్కల చెప్పాలంటే, రెండెకరాల రైతు లోను మీద ట్రాక్టర్ కొని తానే నడుపుకుంటుంటే, అది డిజైన్ లోపంతోటి తిరగబడి సచ్చిపోతే, ఆయన పెండ్లాం జిల్లా కమిషన్‌కు పోవొచ్చు. అదే ట్రాక్టర్ కంకర క్వారీ సేటుదైతే, దాని మీద జీతానికున్న డ్రైవరు సచ్చిపోతే, కంపెనీ వకీలు వచ్చి "ఇది వ్యాపారానికి కొన్నది" అంటడు. మిషిన్ అదే, లోపం అదే, పోయిన పానం అసొంటిదే. చట్టం కండ్లకు మాత్రం వేరు.

రెండో చిక్కు 87వ సెక్షన్ల ఉన్నది. పని కాడ వాడేటందుకు యజమాని కొన్న మిషిన్ అయితే, కంపెనీ ఆ యజమానికి హెచ్చరికలు, సూచనలు ఇచ్చి ఉంటే, హెచ్చరిక చాలలేదన్న కేసు కంపెనీ మీద నిలవది. అంటే మాన్యువల్ పుస్తకం సేటు బీరువల ఉంటే సరిపోతది, అది డ్రైవరు చేతికి వచ్చిందా, ఆనికి చదవొస్తదా అనేది కంపెనీకి సంబంధం లేదు. అందరికి ఎరుకున్న ప్రమాదం గురించి చెప్పకపోయినా తప్పు లేదని సుత అదే సెక్షన్ల ఉన్నది. ఒకటి మాత్రం గుర్తు పెట్టుకోండ్రి. యజమానికి చెప్పిన అన్న ఈ మినహాయింపు హెచ్చరిక కేసులకే. తయారీ లోపానికి, డిజైన్ లోపానికి అది అడ్డం రాదు. గందుకే కేసు రాసేటప్పుడు "స్టిక్కర్ లేదు" అన్న ఒక్క మాట మీద నిలబడొద్దు. "కప్పు లేని డిజైన్" అన్న మాట ముందుండాలె.

వినియోగదారు తలుపు మూస్కుంటే సివిల్ కోర్టున్నది. 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లల కోసం, ఎవల తప్పు వల్ల చావు అయిందో ఆళ్ల మీద దావా వేయొచ్చు. అది కంపెనీ అయినా సరే. గడువు చావు నుంచి రెండేండ్లు. కోర్టు ఫీజు కట్టే తాకత్ లేనోళ్లకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 33వ ఆర్డరు కింద ఫీజు లేకుంట వేసే తొవ్వ ఉన్నది. గని ఈడ కంపెనీ నిర్లక్ష్యాన్ని మీరే రుజువు చేయాలె.

ఈడ ఒక గుంత ఉన్నది, చూసి అడుగేయండ్రి. పరిహార కమిషనర్ కాడ కేసేసినంక అదే దెబ్బ మీద సివిల్ కోర్టుల డ్యామేజీ దావా నడవదని 1923 చట్టం 3వ సెక్షన్, 5వ ఉపసెక్షన్ అంటది. ముందే సివిల్ దావా వేస్తే పరిహారం పోతది. అమెరికాల లెక్క రెండు చేతుల రెండు తీస్కునుడు ఈడ అంత సులువు గాదు. గందుకే ఏ తలుపు ముందు తట్టాలెనో, మొదటి కాగితం మీద సంతకం పెట్టే ముందే వకీలు తోటి కూసొని తెంపుకోవాలె. రుజువులు బలంగ లేకుంటే పరిహారం తలుపే నయం, ఎందుకంటే ఆడ ఎవల తప్పని రుజువు చేయాల్సిన పని లేదు.

పానం పోకముందు పట్టుకునే చట్టాలు సుత ఉన్నయి. భోపాల్ తర్వాత, 1987ల ఫ్యాక్టరీల చట్టానికి 7బి సెక్షన్ కలిపిండ్రు. ఫ్యాక్టరీల వాడే మిషిన్‌ను డిజైన్ చేసేటోడు, చేసేటోడు, దిగుమతి చేసేటోడు, సప్లై చేసేటోడు అది భద్రంగ ఉండేటట్టు చూడాలె అన్నది. ఇప్పుడొచ్చిన వృత్తి భద్రత కోడ్ 2020ల 8వ సెక్షన్ అదే మాట చెప్తది. నూర్పిడి మిషిన్ల కోసం 1983లనే ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసిండ్రు. ఆ మిషిన్ నడిపేటప్పుడు కూలి సచ్చినా, దెబ్బ తాకినా పరిహారం అందాలన్నది ఆ చట్టం ఉద్దేశంల రాసే ఉన్నది. మీ ఊర్ల నూర్పిడి మిషిన్ ఓనరును ఈ చట్టం పేరు అడిగి చూడుండ్రి, మొఖం చూస్తడు.

మూడు రోజులల్ల రుజువు మాయమైతది

మా దిక్కు ఒక క్రషర్ కాడ కన్వేయర్ రోలర్ల అంగీ చిక్కి ఒక హెల్పర్ పోయిండు. దినాలు సుత కాకముందే నేను పోయి చూసిన. రోలరు మీద కొత్త జాలి, దాని మీద తడి ఆరని పసుపు రంగు. ఫొటో అంతకుముందు ఎవలూ తీయలేదు. మిషిన్ మీద కేసు గెల్వాలన్నా, ఓడాలన్నా మిషినే సాక్షి. ఆ సాక్షిని కడిగి, రంగేసి, రిపేరు చేసి పనిల పెట్టినంక కోర్టుల ఏం చూపిస్తం?

గందుకే ఊర్ల చదువుకున్న పోరగాళ్లు చేయాల్సింది గిది.

మొదటి రోజే ఫొటోలు, వీడియో తీయండ్రి. మిషిన్ మొత్తం, మనిషి చిక్కిన జాగ, గార్డు ఉండాల్సిన కాడి బోల్టు రంధ్రాలు, స్టిక్కర్లు అవి ఏ భాషల ఉన్నయో. రంధ్రాలే లేకుంటే గార్డు కంపెనీ నుంచే రాలేదన్నట్టు. రంధ్రాలుండి గార్డు లేకుంటే తీసేసిండ్రన్నట్టు. ఈ ఒక్క ఫొటో కేసును ఎటు మళ్లియ్యాలెనో చెప్తది.

నేమ్ ప్లేటు ఫొటో తప్పకుంట తీయండ్రి. కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు, తయారైన ఏడాది దాని మీద ఉంటయి.

ఎఫ్ఐఆర్ల మిషిన్ పేరు, నంబరు రాయించుండ్రి. "ప్రమాదవశాత్తు" అని ఒక్క ముక్కతోటి సరిపెట్టనియ్యొద్దు. మిషిన్‌ను పంచనామా చేసి సీజ్ చేయమని, ఇంజినీరుతోటి చూపియ్యమని రాతపూర్వకంగ అడగండ్రి, రసీదు తీస్కోండ్రి. ఫ్యాక్టరీ కింద వచ్చే జాగ అయితే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు సుత ఒక కాపీ పంపుండ్రి. ఆయన రిపోర్టు తర్వాత ఆర్టీఐ కింద అడగొచ్చు.

బిల్లు, కిరాయి చీటి, సర్వీసు బుక్కు, మాన్యువల్ – ఏది దొరికితే అది కాపీ తీయండ్రి. పనికి పెట్టుకున్నట్టు రుజువుకు హాజరు పుస్తకం, ఫోన్‌పే చెల్లింపులు, వాట్సాప్ మెసేజ్‌లు దాచుండ్రి. అదే మోడల్ మిషిన్ పక్క ఊర్లల్ల ఎవరినన్న కొట్టిందా అడగండ్రి. ఒక్క మిషిన్ తప్పు చేస్తే తయారీ లోపం అనుకోవచ్చు, నాలుగు ఊర్లల్ల అదే తప్పు చేస్తే డిజైన్ మీద అనుమానం గట్టిపడ్తది.

వకీలుకు పైసల్లేకుంటే 15100కు ఫోన్ చేయండ్రి, లేకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోండ్రి. ఆడోళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, కార్మికులకు, ఆదాయం తక్కువున్నోళ్లకు వకీలును ఉచితంగ ఇయ్యాలని 1987 చట్టంల ఉన్నది.

చట్టం మారాలె, మిషిన్ మారాలె

"కంపెనీల మీద కేసులేస్తే మిషిన్ల ధరలు పెరుగుతయి, చిన్న షెడ్డోళ్లు మూసుకుంటరు" అని కొందరంటరు. ధర ఇప్పుడు సుత ఎవలో ఒకలు కడ్తనే ఉన్నరు. కప్పు పెట్టకుంట మిగిల్చిన పైసల బదులు చెయ్యి పోయినోడు కడ్తున్నడు, తండ్రి లేని పిల్లలు కడ్తున్నరు. ఆ ధరను మిషిన్ బిల్లు మీదికి తెస్తే అందరం తలా ఇంత మోస్తం. స్వీడన్ దేశం 1959లనే కొత్త ట్రాక్టర్లకు తిరగబడితే కాపాడే చట్రం ఉండాలని రూల్ పెట్టింది. ఆ తర్వాత ఆడ ట్రాక్టర్ తిరగబడి సచ్చేటోళ్లు మస్తు తగ్గిండ్రు. డ్రైవర్లు ఒక్కసారిగ తెలివిగల్లోళ్లు అయ్యిండ్రనా? కాదు, ట్రాక్టర్ మారింది.

నా మాట మూడు ముక్కల్ల చెప్త. జీతానికి మిషిన్ నడిపేటోన్ని సుత వినియోగదారు కింద లెక్కగట్టాలె, మిషిన్ కొన్నది సేటైనా దాని ముందు నిలబడేది ఆడే. 87వ సెక్షన్ల యజమానికి చెప్తే చాలన్న మినహాయింపు పోవాలె, హెచ్చరిక నడిపేటోనికి, ఆని భాషల అందాలె. పరిహారం తీస్కున్న కుటుంబానికి సుత మిషిన్ చేసినోని మీద దావా వేసే హక్కు సాఫ్ సీదగ రాసి ఇయ్యాలె.

చట్టం మారేదాక ఊకె కూసోవుడు ఎందుకు? రేపు పనికి పోయినప్పుడు మీరు నడిపే మిషిన్ నేమ్ ప్లేటు ఫొటో తీసి ఇంట్లోళ్ల ఫోన్‌ల పెట్టుండ్రి. తిరిగే జాగ మీద కప్పు లేకుంటే సేటుకు వాట్సాప్‌ల రాయండ్రి, నోటితోటి చెప్తే లెక్కకు రాదు. మీ ఊర్ల మిషిన్ కొనేటోడుంటే గార్డు చూసి కొనుమని చెప్పుండ్రి. గార్డు లేని మిషిన్ అమ్ముడుపోకుంటే, చేసేటోడు ఆనంతట ఆడే పెడ్తడు.